వంద కాపీలు లాగిన చేతులు

పెళ్లిళ్ల సీజన్ కాబట్టి పొద్దున నా స్క్రీన్ ప్రింటింగ్ షాపు తీసినప్పటి సంది ఒకటే కార్డు మీద ఉన్న. మెరూన్ అట్ట, బంగారు ఇంకు. మధ్యాహ్నం కరెంటు పోయింది. స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేసుడు, అంటే వెలుతురుతో దాని మీద బొమ్మ ఎక్కిచ్చుడు, ఆగింది. అదే టైంకు మా లెక్చరర్ సార్ వచ్చిండ్రు, చంకలో పెద్ద చదునైన పార్సిల్. ఆన్‌లైన్ వేలంలో చిత్రకారుడు తోట వైకుంఠం సెరిగ్రాఫ్, అంటే స్క్రీన్ల మీద చేత్తో లాగిన ప్రింటు, కొన్నరట. "ఇంటికన్న ముందు నీకే చూపియ్యాలె తమ్మీ" అన్నరు.

బల్ల తుడిచి, కొత్త అట్ట పరిచి, సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చినంకనే విప్పనిచ్చిన. ఒక ఆడమనిషి బొమ్మ. చామనచాయ కాదు, నల్లటి ఒళ్లు. నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, పసుపు రాసిన ముఖం, ఎర్ర చీర, చేతి మీద చిలుక. వైకుంఠం 1942లో కరీంనగర్ దిక్కు బూరుగుపల్లిలో పుట్టిండ్రు. బరోడా పోయి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకొని కూడ, గీసింది మాత్రం మన ఊరి ఆడోళ్లనే. నల్గొండలో బతుకమ్మ ఎత్తుకొని పోయే ఏ తల్లిని చూసినా ఈ బొమ్మ యాదికొస్తది.

ఆఫ్‌సెట్ మిషన్ అచ్చులో ఉండే సన్న చుక్కలు చూసే భూతద్దం, లూప్, తెచ్చి బొట్టు అంచు మీద పెట్టిన. ఒక్క చుక్క లేదు. రంగు కాగితం మీద పల్చగా లేచి ఉంది. పసుపు మీద ఎరుపు ఎక్కిన కాడ వెంట్రుకంత సన్నగ నారింజ గీత తేలింది. అంటే పసుపు ముందు పడ్డది, ఎరుపు తర్వాత, కంటి గీత నలుపు అన్నిటికన్న ఆఖరున. నా గుండె జల్లుమన్నది. ఇది నేను రోజు చేసే పనే. అదే మెష్ జాలీ, ఇంకు లాగే అదే స్క్వీజీ పట్టీ.

సార్‌కు లెక్క చెప్పిన. ఒక రంగుకు ఒక స్క్రీన్. ఇరవై రంగులుంటే ఇరవై స్క్రీన్లు. వంద కాపీలకు రెండు వేల సార్లు లాగాలె, వేస్టేజి కాక. ప్రతి రంగు ఆరినంకనే ఇంకొకటి. నడుమ వాన పడి గాలి చెమ్మ తేలితే కాగితం సాగుతది, రంగు మీద రంగు సరిగ్గ కూసునే మార్కు తప్పుతది. రెండు రంగుల కార్డుకే నాకు గుబులుంటది, ఆ ముఖం మీద ఒక్క గీత జరిగినా మనిషే మారిపోతది.

కింద ఎడమ దిక్కు పెన్సిల్‌తో 47/100, అంటే వంద కాపీల్లో నలభై ఏడోది, కుడి దిక్కు సంతకం. చిన్న నంబరైతే ఎక్కువ విలువనా అని అడిగిండ్రు సార్. మన నిజాంపూర్ చిత్రకారుడు లక్ష్మాగౌడ్ చేసే ఎచింగుల్లాంటి వాటిల్లో రాగి, జింకు రేకు మీద యాసిడ్ తిన్న గీతలుంటయ్. ప్రెస్ కింద నలిగి నలిగి అవి అరుగుతయ్, అందుకే మొదటి కాపీలకు గిరాకీ. స్క్రీన్ అట్ల కాదు, వందా ఒకటే తీరు. ఇంకో వెయ్యి లాగినా వస్తయ్. వందకు ఆపుడన్నది చిత్రకారుడు ఇచ్చిన మాట. ఆ మాట మీదనే వేలంలో ధర నిలబడ్డది.

2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ పెయింటింగ్ 'గ్రామయాత్ర' దాదాపు 118 కోట్ల రూపాయలకు పోయింది. అసొంటివి మన గోడల మీదికి ఎన్నడు రావు. సార్ పెన్షన్‌కు వైకుంఠం బొమ్మ అందిందంటే అది ప్రింటు కాబట్టే. "ప్రింటే కదా" అని పెదవి విరిచేటోళ్లను చూస్తే నాకు బాధయితది.

ఫోన్లో వేలం వివరాలు చూపించిండ్రు. చిత్రకారుడి పేరుంది, కాగితం కొలత ఉంది, ఎడిషన్, అంటే మొత్తం ఎన్ని కాపీలో, ఉంది, అంచనా ధర ఉంది. లాగినోళ్ల పేరు లేదు. బొమ్మ వైకుంఠందే, అందులో రెండో మాట లేదు. రంగు బాగున్నదనేది ఆయన, సంతకం ఆయనది. కాని ఆ ఎరుపు కలిపి, మార్కు తప్పకుండ వందసార్లు కూర్చోబెట్టిన మనిషి ఒకరున్నరు. కొన్ని ప్రింటు స్టూడియోలు కాగితం మూలకు ఇంకు లేకుండ తమ ముద్ర ఉబ్బెత్తుగ కొడతయ్. కిటికీ వెలుతురుకు ఏటవాలుగ పట్టి నాలుగు మూలలు వెతికినం. కనపడలె.

ఫ్రేము గురించి ఎక్కువ చెప్పలె. అద్దం బొమ్మకు అంటొద్దు, చుట్టు యాసిడ్ లేని మౌంటు అట్ట పెట్టాలె, నంబరు, సంతకం దాయొద్దు, పడమటి ఎండ తగలొద్దు.

సార్ అక్కడనే కూసొని వేలం కంపెనీకి ఉత్తరం టైపు చేసిండ్రు. నేను ఒక్కొక్కటి చెప్తుంటే రాసుకున్నరు: ఎన్ని స్క్రీన్లు, కాగితం ఏంది, అయినంక స్క్రీన్లు కడిగేసిండ్రా, ఏ స్టూడియో, లాగిన మనిషి పేరేంది. ఆ ఆఖరిదాన్ని అన్నిటికన్న పైన పెట్టమన్న. పెట్టి పంపిండ్రు.