పెట్టె మీది బొమ్మ, పెట్టెలోని ప్లాస్టిక్

ఈ ఆదివారం మధ్యాహ్నమంతా మా మేనల్లుడితో కలిసి గన్‌డమ్ అనే జపాన్ యానిమే రోబో బొమ్మ కిట్ బిగించడంతోనే గడిచిపోయింది. వాడు తెచ్చుకున్నది 1/144 స్కేలులో, అంటే అసలు కొలతలో 144వ వంతులో, హై గ్రేడ్ రకం ఆర్ఎక్స్-78-2 అనే రోబో. ముక్కలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలను, అంటే రన్నర్లన్నిటినీ, బల్ల మీద పరిచాక తెలుపు, నీలం, ఎరుపు, పసుపు ముక్కలు దేని రంగులో అవి కనబడేసరికి, ఇక రంగులు వేసే బాధ లేదని వాడు సంబరపడ్డాడు. తల బిగించడం పూర్తయ్యాక మాత్రం పెట్టె మీది బొమ్మను, చేతిలోని తలను మార్చి మార్చి చూసి, "మావయ్యా, దీనికి కళ్ళేవీ?" అని అడిగాడు.

కళ్ళు స్టిక్కరు కాగితం మీద ఉన్నాయి. అవి ప్లాస్టిక్‌లోనే ఎందుకు రాలేదన్నది వాడి తర్వాతి ప్రశ్న. దానికి జవాబు అచ్చు దగ్గర దొరుకుతుంది. పాలిస్టైరీన్ గింజలను 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటుగా వేడిచేసి, కరిగిన ముద్దను ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో ఎక్కిస్తారు; అది చల్లారాక ముక్కలతో సహా బయటికి వచ్చే చట్రమే రన్నర్. ఇడ్లీ రేకులో ఏ పిండి పోస్తే అన్ని గుంటల్లోనూ అదే రంగు ఇడ్లీ వచ్చినట్లు, ఆ విడతలో ఎక్కించిన ప్లాస్టిక్ ఏ రంగుదైతే ముక్కలన్నీ ఆ రంగులోనే వస్తాయి. ఒకే రన్నర్ మీద నాలుగు రంగుల వరకు పోయగల యంత్రాలు ఈ కిట్లు చేసే బండాయ్ కంపెనీకి ఉన్నాయి గానీ, అక్కడ కూడా సాధారణంగా ఒక ముక్కకు ఒక రంగే. రంగు మారాల్సిన ప్రతిచోటా కొత్త ముక్క పుట్టాలి, దానికి అచ్చులో చోటు కావాలి, అది పక్క ముక్కలో బిగిసి నిలబడేంత మందంగానూ ఉండాలి. పన్నెండున్నర సెంటీమీటర్ల బొమ్మకు రెండు మూడు మిల్లీమీటర్ల కన్ను, దాని చుట్టూ వెంట్రుకంత నల్లటి అంచు పెట్టాలంటే ఈ లెక్క తేలిగ్గా కుదరదు.

అసలే కుదరదని కాదు. 2020లో వచ్చిన ఎంట్రీ గ్రేడ్ అనే మరో రకం ఆర్ఎక్స్-78-2 కిట్‌లో ముఖాన్ని పొరలు పొరలుగా విడగొట్టి, స్టిక్కరు లేకుండానే కళ్ళు తెప్పించారు. ఆ తలను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు అచ్చు చేసినవాళ్ళకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. 1980 జులైలో 300 యెన్‌లకు అమ్మిన మొట్టమొదటి కిట్ సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం: దాదాపు అంతా తెల్ల ప్లాస్టిక్కే, జిగురుతో అతికించుకుని, నీలం, ఎరుపు, పసుపు కొన్నవాళ్ళే వేసుకోవాలి. ఈ రెంటి మధ్య గడిచిన నలభై ఏళ్ళలో అచ్చు పనితనం ఎంతో ముందుకు వచ్చినా, రంగు మారే చోటల్లా ముక్క మారదు కనుక హై గ్రేడ్ పెట్టెల్లో ఆ చిన్న స్టిక్కరు కాగితం ఇంకా వస్తూనే ఉంది.

కంటి స్టిక్కరు వాడి చేతే పెట్టించాను. పట్టకారుతో దాన్ని ఒక మూల మాత్రమే పట్టుకుని లేపి, ముందు ముక్కు గీతకు సరిపెట్టి, తర్వాత టూత్‌పిక్ మొద్దు చివరతో మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ వెళ్ళాలి. వేలితో నొక్కితే చెమటకు జిగురు చెడిపోతుంది. వెండి రేకులాంటి ఆ స్టిక్కరు వంపు తిరిగిన చోట ముడత పడి, పక్కనుంచి వెలుతురు పడగానే అంచు తళుక్కుమంది. నల్లటి ఇంకు పెన్నుతో ఆ అంచును ఒక్కసారి తాకితే సరిపోతుంది. స్టిక్కర్లను చిన్నచూపు చూసే మిత్రులు నాకున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. అంత చిన్న కంటికి చెయ్యి వణకకుండా కుంచెతో అంచు గీయగలవాళ్ళు ఎంతమంది? అయితే కదిలే కీళ్ళ దగ్గర స్టిక్కరు రాసుకుని లేచిపోతుంది, గుండ్రటి గుంటలో అసలు కూర్చోదు. వీపు మీద మంట వెలువడే గొట్టం, అంటే నాజిల్, లోపలి భాగం ఎర్రగా కావాలని వాడు పట్టుబట్టాడు కాబట్టి, దానికి మాత్రం నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగు బయటికి తీశాను.

ఎరుపు నేరుగా వేయలేదు. ముదురు బూడిద ప్లాస్టిక్ మీద వేసిన ఎరుపు ఎండిన నెత్తురులా మసకబారుతుంది. కింద తెలుపు పడితేనే దాని అసలు రంగు పైకి వస్తుంది. పసుపు విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పసుపు రంగులకు కిందిదాన్ని కప్పే శక్తి తక్కువ. రంగు కలిపి పోసిన ప్లాస్టిక్‌కూ ఈ బలహీనత కొంత ఉంది. తెలుపు, పసుపు ముక్కల పలుచని అంచులను దీపానికి ఎదురుగా పెడితే వెలుతురు లోపలికి చొరబడుతుంది. కథలో పద్దెనిమిది మీటర్లుండే లోహపు యంత్రం కవచంలోంచి వెలుతురు రాకూడదు కదా! ముక్క సరైన రంగులోనే అచ్చయినా బొమ్మ ఆటవస్తువులా కనబడటానికి ఈ పారదర్శకత, దానితోపాటు ప్లాస్టిక్ మెరుపు కారణాలు. మెరుపును మ్యాట్ పూత అణచివేస్తుంది గానీ, వెలుతురు చొరబడకుండా ఉండాలంటే రంగు పొర పడాల్సిందే.

నాజిల్ ఆరేలోపు వాడు నా అలమారలోని స్పిట్‌ఫైర్ విమానం పెట్టె తీసి తెరిచాడు. 1/72 స్కేలు ఎయిర్‌ఫిక్స్ కిట్, ముక్కలన్నీ బూడిద రంగే. "ఇదేంటి, దీనికి ఒక్క రంగూ లేదు?" అన్నాడు. ఇక్కడ ముక్కలు విడగొట్టి లాభం లేదని చూపించడం తేలికయింది. 1940 నాటి బ్రిటిష్ యుద్ధవిమానం పైభాగాన మట్టి గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగులు మేఘాల్లా అల్లుకుని రెక్క మీంచి దేహం మీదికి పాకుతాయి. అడుగున స్కై అనే లేత ఆకుపచ్చ ఉంటుంది. ఆ వంపులకు, రెక్కల అతుకులకు సంబంధమే లేదు. దేహం పక్కన ఎరుపు, తెలుపు, నీలం వలయాలు, వాటి చుట్టూ పసుపు వలయం నీటిలో నానబెట్టి జార్చే డెకాల్స్‌గా వస్తాయి. నిజం విమానం మీద కూడా అవి రంగుతో వేసినవే కనుక, మోడల్ మీద రంగు వేయడమంటే అసలు విమానానికి జరిగిన పనినే చిన్న కొలతలో మళ్ళీ చేయడం. రోబోకైతే పెట్టె మీది బొమ్మే ప్రమాణం. విమానానికి ఎండకు వెలిసిన రంగు కావాలా, కొత్తగా వేసిన రంగు కావాలా అన్నది కూడా మనమే తేల్చుకోవాలి. పైగా చిన్న బొమ్మ మీద అదే రంగు మరింత ముదురుగా కనబడుతుందని, చాలామంది రెండు చుక్కల తెలుపు కలుపుతారు. నేనూ కలుపుతాను.

మ్యాట్ స్ప్రే ఇవాళే కొట్టేద్దామని వాడి తొందర. బయట ముసురు పట్టి ఉంది. గాలిలో ఇంత తేమ ఉన్నప్పుడు లాకర్ (థిన్నర్‌తో కలిసే రకం పూత) స్ప్రే కొడితే పూత పాలిపోయి తెల్లగా పొగబారుతుంది, అప్పుడు కష్టపడి అతికించిన కళ్ళు కూడా ఆ పొగ కిందే ఉండిపోతాయి. ఎండ కాసే రోజు చూసి మేడ మీద కొడదామని చెప్పాను. అందాకా రైఫిల్ స్కోప్ అద్దానికి స్టిక్కరు వేయాలా, రంగు వేయాలా అన్నది తేలక, వాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను రంగు అన్నాను. వాడు స్టిక్కరే అతికించాడు.