సీసాలు మింగే తాబేలుకు చోటు వెతుకుతూ: ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా

ఖాళీ ప్లాస్టిక్ సీసా నోట్లో వేస్తే పొట్టలో కనబడే ఇనుప మెష్ తాబేలు, అంటే బీచ్‌లో సీసాలు పోగేసే బొమ్మ. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చూడ్డానికి కాకినాడ నుంచి బయల్దేరాం. ఉప్పాడలో పెట్టొద్దని చూడగానే తేలిపోయింది. సముద్రం బీచ్ రోడ్డునే కోసేస్తోంది, ఇసుక నింపిన జియోట్యూబ్ గోడా నిలవలేదు. తాబేలుకు బదులు, క్రొయేషియాలోని జాదర్‌లో 2005లో కట్టిన సముద్ర వాద్యం లాంటిది ఇక్కడా కావాలనేవాళ్లుంటారు. అక్కడ రాతిమెట్ల కింది 35 గొట్టాల్లోకి అల గాలిని తోస్తే అవి మోగుతాయి. మన గోదావరి ఒండ్రుకు ఆ గొట్టాలు పూడిపోతాయి.

కోరింగలో మడచెట్ల శ్వాసవేర్లు చూసి వచ్చేశాం. అక్కడ బొమ్మ అక్కర్లేదు.

యానాం, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది చేరాక చోటు దొరికింది. భీష్మ ఏకాదశి రథోత్సవానికి జనం పోటెత్తేదీ, ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కేదీ దాదాపు ఒకే కాలంలో. అందుకే బొమ్మను తాబేళ్లు ఎక్కే ఇసుకలో కాక, అమావాస్య పోటుకీ నీరందని రోడ్డు వారన పెట్టాలి. దీపాలు పెట్టకూడదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం వదిలి వెలుగు వైపు పాకుతాయి.

మెష్ కన్ను అంగుళం చాలు. రెండంగుళాలైతే సీసా మూతలు జారి ఇసుకలో కలుస్తాయి. నోరు 12 సెంటీమీటర్లు ఉంటే రెండు లీటర్ల సీసా పడుతుంది, కొబ్బరి బొండం పట్టదు. కోనసీమలో ఈ కొలత తప్పితే పొట్టంతా బొండాలే! జీఐ మెష్‌ను (జింకు పూత వేసిన ఇనుప మెష్‌ను) వెల్డ్ చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోయి, ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. పూత లేని నల్ల ఇనుముతో పని ముగించి, తర్వాత మొత్తాన్ని కరిగిన జింకులో ముంచి తీయించడం మేలు. బందులు, బోల్టులు స్టెయిన్‌లెస్‌వే వాడాలి.

సిమెంటు దిమ్మ వద్దు. మీటరు లోతున పాతిన తాటిదూలాలకు కాళ్లు బోల్టులతో బిగించాలి. ఖాళీ మెష్‌లోంచి గాలి దూసుకుపోతుంది, సీసాలు నిండాక అదే గాలి బొమ్మను తోస్తుంది. అక్టోబరు, నవంబరులో తుపాను కబురు రాగానే పొట్ట ఖాళీచేసి, రెండు ముక్కలుగా విప్పి మోసుకుపోయేలా ఉండాలి.

ఇలాంటివి చెడేది ఎక్కువగా తుప్పుతో కాదు, ఖాళీ చేయకపోవడంతో. నిండిన తాబేలు పక్కన జనం చెత్త కుప్ప పోస్తారు. చిప్స్ కవర్లు కలిస్తే పాతసామాన్లవాళ్లు సీసాలూ తీసుకోరు. ఉత్సవాల్లో రోజూ సాయంత్రం తీయాలి. పొట్టతలుపుకు తాళంచెవులు రెండు: ఒకటి పంచాయతీలో, ఇంకోటి పక్కన బొండాలు అమ్మే కొట్టులో.