కలప మినహా పెంకుటిల్లు

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో పాత ఇల్లు వెతుక్కునే మనిషికి మొదట విసుగు తెప్పించేది కొలత. ఇక్కడ ఇంటి జాగా ధర సెంట్లలో చెప్పరు, గజాల్లో చెప్పరు, అంకణాల్లో చెప్తారు. తిరుపతి చుట్టుపక్కల అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు లెక్కలో 72. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు నాయుడుపేట, సూళ్ళూరుపేట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చేశాయి గనక ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు నడుస్తున్నాయి. అంకణం 20,000 అన్నారంటే చిన్న లెక్కలో సెంటు 2,40,000 దాటుతుంది. పెద్ద లెక్కలో అందులో సగం. ధర విని మొహం మాడ్చుకునేలోపు ‘ఏ అంకణం సామీ?’ అని అడిగేయాలి. ఇంటిని కూడా ‘మూడంకణాల ఇల్లు’ అంటారు. అక్కడ అంకణమంటే రెండు దూలాల మధ్య ఉండే ఖాళీ, దానికీ ఈ అడుగులకూ సంబంధం లేదు. మధ్యవర్తి ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తాడు, పైగా రెండు వైపులా రెండేసి శాతం అడుగుతాడు.

ఇల్లు వెతుకుతూ నేను మొదట వెళ్ళింది చంద్రగిరి. తిరుపతికి దగ్గర, గాలి బాగుంటుంది, చుట్టూ కొండలు. అందుకే అక్కడ బడ్జెట్ అన్న మాట ఎత్తకూడదు. పెంకుటిల్లు చూపిస్తూ ప్లాటు ధర చెప్తారు. గోడలూ కప్పూ లెక్కలోకి రావు, పైగా ‘పడగొట్టే ఖర్చు మీదే’ అంటారు. కోటలో రాజమహల్‌ని కర్ర లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. చెద గురించి ఆలోచించకుండా తల పైకెత్తి చూసిన కప్పు ఈ తిరుగుడు మొత్తంలో అదొక్కటే. ఆ పక్క రామచంద్రాపురం మండలంలో కాస్త చౌకగా దొరుకుతాయి గానీ, ఊరు చెరువు కట్టకు ఎటువైపుందో చూసుకోవాలి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట నీరు కారితే కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఈ తూర్పు పక్కంతా పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ఇల్లు చూడ్డానికి ఎండాకాలంలో వస్తే ప్రతి కప్పూ మంచి కప్పే. కార్తీకంలో వస్తే కారే చోటు గోడ మీద చార గీసి తనే చూపిస్తుంది.

పడమటికి, పలమనేరు, పుంగనూరు వైపు, మొగిలి ఘాట్ ఎక్కగానే చల్లగాలి తగులుతుంది. పలమనేరు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైనే ఉంది, తిరుపతిలో కాలే వేసవి అక్కడ కాస్త కనికరిస్తుంది. రాగిసంగటి, ఊరిబిండి తిని ఆ గాలికి పడుకుంటే ఎవరికైనా ఇక్కడే ఇల్లు కొనేయాలనిపిస్తుంది. ఆ ఊళ్ళల్లో మట్టిమిద్దెలు ఇంకా ఉన్నాయి: దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, వాటి మీద రాతిపలకలో కట్టెలో పరిచి, పైన మందంగా మట్టి. ఆ మట్టిని ఏటా వానల ముందు దిమ్మిసతో కొట్టి, వాలు సరిచేసి, గడ్డి మొలిస్తే వేళ్ళతో సహా పీకాలి. ఒక్క ఏడాది వదిలేస్తే నీరు నిలుస్తుంది, బరువు పెరుగుతుంది, దంతెలు వంగుతాయి. ఆ పని తెలిసిన ముసలాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో, వాళ్ళూ నిచ్చెన ఎక్కలేరు. నీళ్ళ సంగతి మరీ కష్టం, వెయ్యి అడుగుల బోరు అంటే అక్కడెవరూ ఆశ్చర్యపోరు. బోరుకయ్యే ఖర్చుతో తూర్పున కప్పు మొత్తం మార్చుకోవచ్చు. కౌండిన్య అడవి అంచు ఊళ్ళల్లో ఏనుగుల భయం కూడా ఉంది. పెరట్లో అరటి, పనస వేసుకోవాలన్న సరదా ఉన్నవాళ్ళు ఆ పక్కకు పోకపోవడమే మేలు.

ఇక పుత్తూరు, నారాయణవనం, కార్వేటినగరం. డబ్బు తక్కువున్నవాళ్ళు వెతకాల్సింది ఇక్కడని నా అభిప్రాయం. రేణిగుంట, అరక్కోణం మధ్య రైలు ఉంది, మద్రాసు దూరం కాదు, బావుల్లో నీళ్ళున్నాయి, పెంకు వేసే మనుషులు ఇంకా పనిలో ఉన్నారు. పుత్తూరు నుంచి కార్వేటినగరం పల్లెవెలుగులో నిలబడే పోవాల్సి వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి సీటు దొరకడం మగవాడి అదృష్టం మీద ఆధారపడింది. టికెట్ కొని నిలబడ్డానని గొణుక్కున్నాను గానీ, మధ్యవర్తులు చెప్పని సంగతులన్నీ ఆ బస్సులోనే దొరికాయి. ఏ వీధిలో తాళం పడిన ఇళ్ళున్నాయో, ఏ ఇంట్లో అన్నదమ్ములు కోర్టుకెక్కారో, ఎక్కడ కోతులు పెంకులు నిలవనివ్వవో ఒళ్ళో సంచులు పెట్టుకున్న అక్కలు అరగంటలో చెప్పేశారు. కోతుల మాట తేలిగ్గా తీసుకోవద్దు. కొండకు ఆనుకున్న వీధుల్లో జనం పెంకు తీసేసి రేకు వేసుకోవడానికి సగం కారణం అవే. ఒక గుంపు గెంతిపోతే పది పెంకులు జరుగుతాయి. జరిగిన చోట వాన దిగుతుంది, రెండేళ్ళలో కింద వాసం పుచ్చుతుంది.

వాళ్ళు చెప్పిన వీధిలోనే తిన్నె మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. తొట్టి ఇల్లు, నడుమ ఆకాశం కనిపించే చిన్న వాకిలి, చుట్టూ పంచ, నాలుగు టేకు స్తంభాలు. ధర నా బడ్జెట్లోనే చెప్పింది. ఇంత సులువా అనుకునేలోపు, ‘కర్ర కాకుండా నాయనా’ అంది.

‘కర్ర కాకుండా అంటే ఏందవ్వా?’

‘తలుపులు, స్తంభాలు, దూలాలు మావి. దానికి వేరే రేటు. మద్రాసోళ్ళు వచ్చి అడిగిపోయినారు. ఇల్లేముండాది, మట్టి గదా. దుడ్లు కర్రకే.’

దూలాలు తీసేస్తే ఇల్లు నిలబడదు కదా అంటే, ‘అది కొనేవాళ్ళ పాటు’ అంది. లెక్క ఆమెదే సరైనది. పాత చెక్కడపు తలుపులకు, స్తంభాలకు నగరాల్లో గిరాకీ ఉంది, మట్టి గోడకు లేదు. కాబట్టి ఈ ప్రాంతంలో ధర మాట్లాడేటప్పుడు వాకిళ్ళు, కిటికీలు, స్తంభాలు, దూలాలు, వాసాలు, చివరికి రోలు, నీళ్ళ తొట్టి కూడా పేరుపేరునా అగ్రిమెంటులో రాయించుకోవాలి. లేకపోతే తాళం చేతికొచ్చే రోజుకు గుమ్మం ఉన్నచోట కన్నం ఉంటుంది.

ఇల్లు చూసేటప్పుడు టార్చి, స్క్రూడ్రైవరు, దారానికి కట్టిన గుండు చాలు. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చాలి, చెద అక్కడే మొదలవుతుంది, మధ్యలో దూలం నిగనిగలాడుతూ మోసం చేస్తుంది. ఈ పక్క వాసాలకు తాటి ఎక్కువ. తాటికి బలమంతా పైపొరలోనే, లోపల మెత్తటి పీచు, కాబట్టి పైపొర చెక్కేసిన వాసాన్ని నమ్మకూడదు. మట్టి గోడ ఒకటిన్నర అడుగు మందం ఉంటుంది. పైనుంచి గుండు వేలాడదీసి చూస్తే నడుమ రెండు, మూడు అంగుళాలు ఉబ్బిందంటే ఆ భాగం విప్పి కట్టాల్సిందే. గోడ అడుగున కొత్తగా సిమెంటు పూత కనిపిస్తే అనుమానించాలి. మట్టి గోడ పీల్చిన చెమ్మ సిమెంటు దాటి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, మట్టి మెత్తబడుతుంది, పూత పలకలు పలకలుగా ఊడుతుంది. దాన్ని తీసేసి, వారం పైగా నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపి పూయించాలి. మంగళూరు పెంకైతే వంద చదరపు అడుగుల కప్పుకు 140 దాకా పడతాయి. గూన పెంకైతే విరిగినవాటికి బదులు కుమ్మరి దగ్గర దొరకడం కష్టం, పక్క ఊళ్ళో కూల్చే ఇంటి పెంకు కొనుక్కోవాలి. నారాయణవనం, నగరి వైపు నేతవాళ్ళ ఇల్లయితే నేల తట్టి చూడాలి. మగ్గం గుంట సరిగ్గా పూడ్చకుండా పైన గచ్చు చేసి ఉంటే అది కుంగుతుంది. పక్కింట్లో మరమగ్గం ఉందేమో పగలు వెళ్ళి వినాలి. మరుగుదొడ్డి చాలా ఇళ్ళల్లో ఉండదు, బావికి కనీసం 50 అడుగుల దూరంలో గుంటకు చోటుందా అని చూసుకోవాలి. కప్పు మరమ్మతు స్వయంగా చేసుకుందామనుకునే ఉత్సాహవంతులకు, ఎముకలు విరిగితే వేసే పుత్తూరు కట్టు దగ్గరలోనే ఉంది, అదొక ధైర్యం.

కాగితాల పని ఇంటి పనికంటే మొండిది. పాత ఇళ్ళు ఎక్కువగా గ్రామనత్తంలో, అంటే ఊరి ఇళ్ళకని వదిలిన గ్రామకంఠంలో ఉంటాయి. పట్టా ఉండదు, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు మీటరు పేరు, పాత పారికత్తు (పంపకాల కాగితం), ఇవే ఆధారం. బ్యాంకులు లోనుకు మొహం చాటేస్తాయి, చేతి డబ్బే అనుకోవాలి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ ఆన్‌లైన్లో 1983 నుంచే కనిపిస్తుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. అక్కడే ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధ జాబితాలో లేదని చూసుకోవాలి. ఇంటి వెనక పెరడు డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమి అయితే, ఎంత ముద్దొచ్చినా వదిలేయాలి. అలాంటి భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదనే భయం ఎప్పుడూ ఉంటుంది. రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం: పది లక్షల ఇంటికి 75,000. దీన్ని బడ్జెట్లో కలపనివాళ్ళే ఎక్కువ.

సంతకాల దగ్గర అవ్వ ఇల్లు ఆగింది. కొడుకులిద్దరూ సిద్ధంగా ఉన్నారు. తాతల నాటి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను ఆ చట్టం పక్కన పెట్టింది, 2005 కేంద్ర సవరణ ఆ మెలిక తీసేసింది. ‘కూతుర్లకు పసుపు కుంకుమలు ఇచ్చేసినాం’ అనే మాట చట్టం ముందు నిలవదు. అవ్వకు ముగ్గురు కూతుర్లు, ఒకామె కువైట్లో. పవరాఫ్ అటార్నీ తెప్పించాలంటే అక్కడి ఎంబసీలో అటెస్ట్ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అంతకంటే సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు అందరూ ఒకేసారి సంతకం పెట్టడం తేలిక అన్నాను. అవ్వ సరేనంది. అప్పటిదాకా మద్రాసోళ్ళకు స్తంభాలు ఇవ్వనని కూడా అంది. కర్ర రేటు మాత్రం పైసా తగ్గించలేదు.