కరెంటు ఎక్కడ కాలుతుంది?

పుట్టింది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో, ఫిజిక్స్ హానర్స్ ఇంగ్లీషులో. మార్కులకు ఎప్పుడూ లోటు లేదు. అందుకే బరంపురంలో ఎం.ఎడ్. చేస్తున్నప్పుడు, డిగ్రీ పిల్లలు విద్యుత్ వలయాల గురించి ఎలా ఆలోచిస్తారన్నది డిసర్టేషన్‌కి అంశంగా రాసుకుని గైడ్ సార్ దగ్గరికి వెళ్లినప్పుడు, సంతకం పెట్టించుకుని మధ్యాహ్నం బస్సుకి ఊరెళ్లిపోదామనుకున్నాను.

సార్ నా కాగితం చదవలేదు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు మూడు బొమ్మలు గీశారు. మొదటి బొమ్మలో ఒక బ్యాటరీ, ఒక బల్బు. రెండో దాంట్లో అలాంటి బ్యాటరీకే సిరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా, రెండు బల్బులు. మూడో దాంట్లో ప్యారలల్‌లో, అంటే దేని దారి దానికి వేరుగా, రెండు. బల్బులన్నీ ఒకే రకం. "ఏది ఎక్కువ వెలుగుతుందో వరసలో పెట్టమ్మా. లెక్క కట్టొద్దు, ఆలోచించి చెప్పు" అన్నారు.

ఒంటిగా ఉన్న బల్బు బాగా వెలుగుతుందని, మిగతా నాలుగూ దానికన్నా తక్కువని చెప్పాను. ప్యారలల్‌లో కరెంటు రెండుగా చీలిపోతుంది కదా, తలా సగం. ఇందులో ఆలోచించడానికేముంది అనిపించింది.

"మీ ఇంట్లో హాల్లో లైటు వేస్తే వంటింట్లో లైటు డల్ అవుతుందా?" అన్నారు సార్.

అవదు. ప్యారలల్‌లో ఉన్న రెండు బల్బులూ ఒంటి బల్బు అంత వెలుగూ ఇస్తాయి. సిరీస్‌లో ఉన్నవి రెండే డల్, ఆ రెండూ సమానం. వోల్టేజీకీ కరెంటుకీ లంకె చెప్పే ఓమ్ నియమం నిద్రలో లేపి అడిగినా రాస్తాను. కానీ బ్యాటరీ ఎప్పుడూ ఒకే కొలత కరెంటు పంపుతుందని, బల్బులు దాన్ని పంచుకుంటాయని నా మనసులో ఎక్కడో ఉండిపోయింది. బ్యాటరీ నిలబెట్టేది వోల్టేజీని. కరెంటు ఎంత వస్తుందన్నది వలయం మొత్తం మీద ఆధారపడుతుంది. ఈ రెండు వాక్యాలూ నా డిగ్రీ నోట్సులో నా చేతిరాతలోనే ఉన్నాయి, ఇంటికెళ్లి చూసుకున్నాను.

ఆ ప్రశ్న సార్ సొంతం కాదని తర్వాత తెలిసింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో లిలియన్ మెక్‌డెర్మాట్ బృందం ఏళ్ల తరబడి వాడిన ప్రశ్న అది. వాళ్లు 1992లో ప్రచురించిన పేపర్ ప్రకారం యూనివర్సిటీ విద్యార్థుల్లో సరిగ్గా చెప్పింది దాదాపు 15 శాతమే. పాఠం చెప్పకముందు అడిగినా, చెప్పాక అడిగినా పెద్ద తేడా లేదట. ఈ సంగతి చదివాక ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

అంశం ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. టిక్కులు పెట్టే ప్రశ్నపత్రం ఒక్కటే చాలదు, పిల్లల్ని కూర్చోబెట్టి పైకి మాట్లాడుతూ జవాబు చెప్పమనాలి, అదంతా రికార్డు చేసి రాసుకోవాలి. మా ఊళ్లో కాలేజీ అనుమతికి మూడు వారాలు పట్టింది. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు, బెంచీ మీద కూర్చోవడం తప్ప.

పన్నెండు మంది దొరికారు. ఏడుగురిది ఇంట్లో తెలుగు, మిగతావాళ్లది ఒడియా. తెలుగు పిల్లలు నన్ను అక్కా అని, ఒడియా పిల్లలు అపా అని పిలిచేవారు. మొదటి వారం ఇంటర్వ్యూలన్నీ ఇంగ్లీషులో చేశాను, పరీక్ష ఇంగ్లీషులోనే కదా అని. అంతా దండగ. ప్రతి ఒక్కరూ పుస్తకంలో డెఫినిషన్ అప్పజెప్పారు, ఆపకుండా, నేను వాళ్ల వయసులో అప్పజెప్పినట్టే. రికార్డింగులు మళ్లీ వింటుంటే నా ప్రశ్నలే నాకు విసుగేశాయి.

రెండో వారం తెలుగులో అడిగాను, అదీ పుస్తకం తెలుగు కాదు. సిరీస్‌లో రెండు బల్బులున్న బొమ్మ చూపించి ఏమవుద్ది అన్నాను. మొన్న ఇంగ్లీషులో "కరెంట్ ఈజ్ సేమ్ ఇన్ సిరీస్" అని చెప్పిన అమ్మాయే ఇలా అంది: "ముందు బల్బు ఎక్కువ వెలుగుద్దక్కా. దాని దగ్గర కొంత కరెంటు కాలిపోద్ది కదా, మిగిలిందే రెండోదానికి వెళ్తాది."

కాలిపోద్ది. ఆ మాట దగ్గర రికార్డింగు ఆపి మళ్లీ మళ్లీ విన్నాను. మన ఇళ్లల్లో కరెంటు కాలుతుంది. ఫ్యాను ఆపకపోతే కాలుతుంది, ఏసీ పెట్టుకుంటే ఎక్కువ కాలుతుంది, నెలాఖరుకి ఎంత కాలిందో బిల్లొస్తుంది. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. ఫిజిక్స్ పుస్తకంలో కరెంటు కాలదు, ఎంత వెళ్లిందో అంతే తిరిగొస్తుంది. ఒకే పదం, రెండు అర్థాలు. ఆ అమ్మాయి తప్పు చెప్పలేదు, ఇంటి అర్థంతో చక్కగా తర్కించింది. అయినా నేరమంతా తెలుగుదని అనలేను. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలూ కరెంటు ఖర్చయిపోతుందనే అంటారని మెక్‌డెర్మాట్ పేపర్లోనూ ఉంది. తేడా ఏమిటంటే, ఈ పిల్ల మనసులో ఉన్నది నాకు వినపడాలంటే తెలుగులో అడగాల్సి వచ్చింది.

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వాడుకభాషలో చదువు చెప్పాలని ఆయన చేసిన పోరాటం గురించి ప్రతి ఆగస్టు 29న ఏదో ఒక సభలో వింటూనే పెరిగాను. నా పనికి అది అవసరపడుతుందని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

సరే, మాటల్తో కాదు, చేసి చూపిద్దామనుకున్నాను. టార్చి బల్బుల కోసం బజారంతా తిరిగాను. అన్నీ ఎల్‌ఈడీలే. చివరికి ఒక పాత సైకిల్ షాపులో డబ్బా అడుగున ఎనిమిది దొరికాయి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. చిన్న సెల్లులు పెడితే రెండు బల్బులకే డీలా పడతాయని పెద్ద సెల్లులు రెండు కొన్నాను. హోల్డర్లు దొరకలేదు, వైరు చుట్టి టేపు వేశాను.

మొదటి ప్రయోగమే నా కొంప ముంచింది. సిరీస్‌లో రెండు బల్బులు పెడితే, ముందున్నది నిజంగానే ఎక్కువ వెలిగింది. "చెప్పానా!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు చెమటలు. పది నిమిషాల తర్వాత గానీ తట్టలేదు, రెండు బల్బులూ చోట్లు మార్చి చూడాలని. మారిస్తే వెలుగు కూడా బల్బుతోపాటే వెనక్కి వెళ్లింది. అంటే ఆ రెండు బల్బులూ ఒకటి కాదు. గాజు కింద లోహం మీద అచ్చేసిన అంకెలు భూతద్దంతో చూస్తే ఒకదాని మీద 2.5, ఇంకోదాని మీద 3.8. కొనేటప్పుడు చూసుకోవాల్సింది.

ఒకే అంకె ఉన్నవి ఏరి మళ్లీ పెట్టాం. ఈసారి రెండూ సమానంగా వెలిగాయి. ఇక ఒప్పుకుంటుందనుకున్నాను. "కంటికి తేడా తెలియదేమో అక్కా" అంది. కాలేజీ ల్యాబు నుంచి కరెంటు కొలిచే అమ్మీటర్లు రెండు అడిగి తెచ్చి ఒకటి బల్బులకు ముందు, ఒకటి వెనక పెట్టాను. రెండు ముళ్లూ 0.2 ఆంపియర్లకి కాస్త దిగువన ఆగాయి. మీటరు పాడైందేమో అంది. మీటర్లు అటుదిటు మార్చాం. అదే రీడింగు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే సెల్లు ఎందుకు అయిపోతాది మరి?" అని అడిగింది.

ఈ మూడు నెలల్లో నేను విన్న అన్ని ప్రశ్నల్లో మంచిది అదే. జవాబు నేను చెప్పలేదు. పక్కనే ఉన్న అబ్బాయి, వాళ్లకి ధాన్యం మిల్లు ఉంది, వాడు చెప్పాడు. మిల్లులో బెల్టు తిరుగుతూనే ఉంటుంది, ఇటు ఎంత వేగమో అటూ అంతే, బియ్యం ఆడినంత మాత్రాన బెల్టు తరిగిపోదు. తరిగేది డీజిలు. ఇక్కడ కరెంటు బెల్టు లాంటిది, సెల్లు లోపలి మందు డీజిలు. కాలేది శక్తి. నేను నెల రోజులు పుస్తకాల్లో వెతికినా ఇంత పనికొచ్చే పోలిక దొరకలేదు. దీనికీ ఒక లోటుంది, ప్యారలల్ దగ్గరికొచ్చేసరికి బెల్టు ఉపయోగపడదు. అక్కడ మళ్లీ హాల్లో లైటు, వంటింట్లో లైటే గతి.

చివరి పరీక్ష కాగితాలు ఇస్తుంటే ఒక ఒడియా అబ్బాయి, "అపా, సార్ చెప్పినట్టు రాయాలా, నాకు అనిపించింది రాయాలా?" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ తన క్లాసుకి ఇలాంటి కాన్సెప్ట్ పరీక్షే పెట్టినప్పుడు విద్యార్థుల్లో ఒకరు దాదాపు ఇదే అడిగారని చదివాను. ఆయన ఆ తర్వాత లెక్చర్ తగ్గించి, పిల్లలు ఒకరికొకరు వాదించి చెప్పుకునే పద్ధతికి మారారు. మా పిల్లాడు ఆయన పేరు కూడా విని ఉండడు. అనిపించిందే రాయమన్నాను.

పన్నెండు మందిలో తొమ్మిది మంది సార్ నన్నడిగిన ఆ ఐదు బల్బుల ప్రశ్న సరిగ్గా చేశారు. వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ తొమ్మిది అంకె చూసి తృప్తిపడ్డారు. శాంపిల్ చిన్నదన్నారు, టేబుళ్లు ఇంకా ఉండాలన్నారు, బైండింగ్ రంగు అడిగారు. అయిపోయింది.

వైవాకి ముందు ఒక్క దాని మీదే సార్‌కీ నాకూ తేడా వచ్చింది. పరీక్షయిన రెండు నెలలకి ఆ మిల్లు అబ్బాయి బస్టాండులో కనిపించాడు. ఊరికే, మూడు బల్బులు సిరీస్‌లో పెడితే ఏమవుద్దిరా అన్నాను. "చివరిదానికి కరెంటు సరిగ్గా అందదక్కా" అన్నాడు. రెండు సెకన్లాగి నాలిక్కరుచుకుని, "కాదు కాదు, బెల్టు" అన్నాడు. అది రాస్తే ఫలితం బలహీనపడుతుందని సార్ తీసేయమన్నారు. బతిమాలాను. చివరికి అనుబంధంలో అర పేజీకి ఒప్పుకున్నారు. 94వ పేజీ.