ఆడుకోవడానికి కెర్నెల్ అనుమతి ఎందుకు?

వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చిన మేనల్లుడు నా కంప్యూటరులో ఒక షూటింగ్ గేమ్ వేసుకుంటానని అడిగినప్పుడు, డిస్కులో చోటు సరిపోతుందా అన్న ఒక్క సందేహమే నాకు కలిగింది. డౌన్‌లోడ్ పూర్తయ్యాక తెర మీద ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. మోసగాళ్లను పట్టుకునే సాఫ్ట్‌వేర్, అంటే యాంటీ చీట్, పనిచేయాలంటే కంప్యూటరును రీస్టార్ట్ చేయాలని అందులో ఉంది. "అది మామూలే మావయ్యా, అందరికీ అడుగుతుంది" అంటూ వాడు మౌస్ అందుకోబోతే ఆపాను. ఆటకు రీస్టార్టుతో ఏం పని? విండోస్ లోపలి పొరల్లో చేరి, అది మేలుకునేటప్పుడే తామూ మేలుకోవాలనుకునే డ్రైవర్లనే ప్రోగ్రాములకు కదా ఆ అవసరం!

వాడికి చెప్పినదే ఇక్కడా చెబుతాను. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో అధికారానికి 0 నుంచి 3 వరకు నాలుగు అంచెలున్నా, విండోస్ వాడుకునేది అన్నిటికంటే ఎక్కువ అధికారమున్న 0, అన్నిటికంటే తక్కువ అధికారమున్న 3 మాత్రమే. మనం తెరిచే బ్రౌజరు, రాసుకునే వర్డ్, ఆడుకునే ఆట ఈ 3వ నంబరు అంచెలో, అంటే మూడో అంచెలో, నడుస్తాయి. వాటిలో తప్పు దొర్లితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడుతుంది. సున్నా అంచెలో ఉండేవి విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, దానితోపాటు డ్రైవర్లు. అక్కడ తప్పు జరిగితే నీలి తెర వచ్చి మొత్తం కంప్యూటరే ఆగిపోతుంది, పైగా అక్కడ ఉన్న డ్రైవర్ ఏ ప్రోగ్రామ్ మెమరీనైనా చదవగలదు, మార్చగలదు. 2020లో వాలరెంట్ ఆటతోపాటు రయట్ సంస్థ తెచ్చిన వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ ఈ సున్నా అంచె కోవకు చెందినదే. ఆట తెరవకపోయినా కంప్యూటర్ మొదలైనప్పటి నుంచే అది నడుస్తుండటంపై అప్పట్లో పెద్ద గొడవే జరిగింది.

కంపెనీల వాదనలో పస లేదని నేను అనను. అమీర్‌పేటలో గంటకు 20 రూపాయలు ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల్లో, గోడ అవతల ఉన్నవాడిని చూడకుండానే ఎవరైనా వరుసగా రెండుసార్లు కాల్చాడంటే, పక్క కుర్చీవాడు లేచి వచ్చి వాడి తెరలోకి తొంగిచూసేవాడు. ఆ కాలపు యాంటీ చీట్ అదే. ఇప్పుడు ఎదుటి ఆటగాడు ఎక్కడ కూర్చున్నాడో కూడా తెలియదు. గురిని తనంతట తానే సరిచేసే, గోడల వెనుక ఉన్నవారిని చూపించే చీట్లను అమ్మేవారు, మూడో అంచెలోని కాపలాకు చిక్కకుండా తామే కెర్నెల్‌లోకి దిగారు. దాంతో కాపలావాడూ వెంటే దిగాల్సివచ్చింది.

అయితే ఆ కాపలావాడి చేతిలోని తాళాలు ఎవరికి దొరుకుతాయన్నదే నా బెంగ. 2016 సెప్టెంబరులో స్ట్రీట్ ఫైటర్ 5 కోసం క్యాప్‌కామ్ ఇచ్చిన అప్‌డేట్‌లో ఒక డ్రైవర్ వచ్చింది. అది ప్రాసెసర్‌లోని ఒక రక్షణను పక్కనపెట్టి, అడిగిన ఏ ప్రోగ్రామ్ కోడ్‌నైనా కెర్నెల్ అధికారంతో నడిపేది; గోల మొదలయ్యాక కంపెనీ ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. జెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆట యాంటీ చీట్ డ్రైవర్ కథ ఇంకా విడ్డూరం. ఆ ఆట ఎన్నడూ లేని కంప్యూటరులోకి కూడా దాడి చేసేవారు ఆ డ్రైవర్‌ను తామే మోసుకువెళ్లి, దానికి సరైన డిజిటల్ సంతకం ఉన్నందువల్ల విండోస్ అభ్యంతరం చెప్పకపోవడంతో, దాని సాయంతో యాంటీవైరస్‌ను ఆపేసి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌ను దించారని 2022 ఆగస్టులో కంప్యూటర్ భద్రతా సంస్థ ట్రెండ్ మైక్రో బయటపెట్టింది. అంటే ఆట ఆడనివాడికి కూడా ఆ ఆట డ్రైవర్ చేటు చేయగలదన్నమాట.

దురుద్దేశం లేకపోయినా పొరపాటు చాలు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆ రోజు ఎందరి ఫోన్లలోనో తిరిగింది. అది ఆట కాదు, భద్రత కోసం వేసుకున్న సాఫ్ట్‌వేరే, కానీ నడిచేది ఆ సున్నా అంచెలోనే.

మూడో అంచెలోని చెడ్డ ప్రోగ్రామ్ కూడా నా ఫోటోలను, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను ఎత్తుకుపోగలదు కదా అని కొందరు అంటారు. నిజమే. కానీ దాన్ని పట్టుకోవడానికి యాంటీవైరస్‌కు పై అధికారం ఉంటుంది. కెర్నెల్‌లోకి చేరినవాడు ఆ యాంటీవైరస్ నోరే నొక్కేయగలడు. ఇంత ఇచ్చినా మోసం ఆగిందా అంటే, అదీ లేదు. మదర్‌బోర్డులోని స్లాటుకు ఒక కార్డు తగిలించి, రెండో కంప్యూటరు నుంచి ఆట మెమరీని నేరుగా చదివే పద్ధతి వచ్చింది. చీట్ ప్రోగ్రామ్ నడిచేది ఆ రెండో కంప్యూటరులో గనుక, ఇక్కడి కెర్నెల్‌లో కూర్చున్న కాపలావాడికి అది కనిపించదు.

నాకు నచ్చే మార్గం సర్వర్ వైపున ఉన్నది. శత్రువు మన కంటపడే అవకాశం లేనంతవరకు అతను ఉన్న చోటును సర్వర్ అసలు పంపకపోతే, ఎంత గొప్ప చీట్‌కైనా చూపించడానికి ఏమీ ఉండదు. వాలరెంట్‌లోనే రయట్ ఈ పని చేసింది. దీనితో గురి సరిచేసే చీట్లు ఆగవు, సర్వర్ల ఖర్చూ పెరుగుతుంది. కానీ ఆ ఖర్చు నా కంప్యూటరు మీద కాక కంపెనీ మీద పడటమే న్యాయం.

నా కంప్యూటరులో బ్యాంకు పనులు, ఆదాయపు పన్ను కాగితాలు, మా నాన్నగారి పింఛను పత్రాలు ఉన్నాయి. అందుకని అటక మీదున్న పాత లాప్‌టాప్‌ను దించి, దుమ్ము దులిపి, పూర్తిగా ఫార్మాట్ చేసి, అందులో ఏ ఖాతాలోకీ లాగిన్ కాకూడదన్న షరతుతో వాడికి ఇచ్చాను. ఆట నడుస్తోంది, కాకపోతే ఫ్యాను రోద వంటింటి దాకా వినిపిస్తోంది. ఓడిన ప్రతిసారీ వాడు లాప్‌టాప్‌ను ఒకసారి, నన్ను ఒకసారి తిట్టుకుంటున్నాడు.