14 నుంచి 15 అంగుళాలకి: టైర్లు మార్చాక మీటరు పంచాయితీ

నా స్విఫ్ట్ కింది వేరియంట్. కంపెనీ టైర్లు 165/80 ఆర్14 అరిగిపోయాయి. 15 అంగుళాల అల్లాయ్‌లు కొని 185/65 ఆర్15 వేయించాను. నాలుగు బోల్టుల 100 పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం, మి.మీ.లలో) రిమ్ములు తేలిగ్గానే దొరికాయి, బ్యాలెన్సింగూ అలైన్‌మెంటూ పూటలో తేలిపోయాయి. షాపువాడొక్కడే "195/65 వెయ్యండి సార్, లుక్కు అదిరిపోద్ది" అని వెంటపడ్డాడు. స్టాకు వదిలించుకునే తాపత్రయం, ఇంకేం లేదు.

లెక్క ఇది. టైరు వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132, పైనా కిందా కలిపి 264. 14 అంగుళాల రిమ్ము 355.6. మొత్తం ఎత్తు 619.6 మి.మీ. ఇలాగే 185/65 ఆర్15కి 621.5 వస్తుంది, తేడా 0.3 శాతమే. షాపువాడు అంటగట్టబోయినది 634.5, అంటే 2.4 శాతం ఎక్కువ. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీటరుకి తెలుస్తుంది. చుట్టుకెంత దూరమో కంపెనీ ముందే ఎక్కించి పెట్టిన అంకె. టైరు ఎత్తు పెరిగితే ముల్లు చూపే దానికన్నా బండి వేగంగా పోతుంది.

ఇక్కడిదాకా సాఫీ. సర్వీసుకిచ్చినప్పుడు మొదలైంది గోల. అడ్వైజర్ టెస్ట్ డ్రైవ్ చేసొచ్చి, కౌంటర్ దగ్గర పదిమందీ వింటుండగా, "బయట ఏవో టైర్లు వేయించుకొస్తారు, మీటరు పాడైందంటారు. ముల్లు 100 దగ్గరుంటే జీపీఎస్ 95 చూపిస్తోంది, వారంటీ కష్టం సార్" అన్నాడు. మీటరు పాడైందని నేనెక్కడన్నాను? జాబ్ కార్డులో మాత్రం "టైర్ సైజు మార్పు వల్ల స్పీడోమీటర్ తప్పు" అని రాసేశాడు.

పాత టైర్లతో ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను ముందే చూసి పెట్టుకున్నాను: ముల్లు 100కి జీపీఎస్ 93. కొత్తవి వేశాక తప్పు తగ్గింది, పెరగలేదు. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ., చట్టం ఒప్పుకునే కనీసం 1.6. అరిగేసరికి ఎత్తులో 12 మి.మీ. పైగా పోతుంది, అదే 2 శాతం. పాత టైర్లతో వచ్చిన 7 తేడాలో 2 ఈ అరుగుదలది, మిగిలిన 5 కంపెనీ కావాలని పెట్టింది. స్పీడోమీటర్ల మీద ఉన్న ఐక్యరాజ్యసమితి 39వ నియమం ప్రకారం ముల్లు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువైతే పదో వంతు, దానిపైన 4 కి.మీ. దాకా చెల్లుతుంది. అసలు వేగం 100 అయితే 114 చూపినా తప్పు కాదు.

ఇదంతా చెప్తే ఆయన నవ్వాడు, పక్కనున్నవాళ్ళూ నవ్వారు. చివరికి డాష్‌బోర్డులోంచి ఓనర్స్ మాన్యువల్ తీసి 185/65 ఆర్15 పేజీ చూపించాను. పై వేరియంట్‌కి కంపెనీయే వేసే సైజది. మారుమాట లేకుండా ఆ లైను కొట్టేశాడు. సారీ మాత్రం రాలేదు. మీరూ జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టకండి, తర్వాత క్లెయిముకి అడ్డం తిప్పేది ఆ కాగితాన్నే.

కొలిచేవాళ్ళు టైర్లు మార్చకముందే కొలవండి. చదునైన తిన్నటి రోడ్డు, స్టాండులో ఫోను, అంకె చదవడానికి పక్కన ఇంకొకరు. 40, 60, 80 దగ్గర పది సెకన్లైనా వేగం నిలపాలి, జీపీఎస్ కాస్త వెనకబడి చూపిస్తుంది. మైలేజీ పడిపోయిందనిపిస్తే కంగారొద్దు: అరిగినవి తీసి కొత్తవి వేస్తే ఓడోమీటరు అదే దూరాన్ని 2 శాతం తక్కువగా లెక్కేస్తుంది. 500 అని చూపితే, పాత లెక్కన మీరు తిరిగింది 510.