ఎర్ర సిరాతో కొట్టేసిన సరైన జవాబు

ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న మా మేనకోడలు మొన్న ఆదివారం లెక్కల నోట్సు పట్టుకొని ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చింది. అందులో ఒక జవాబును తానే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసుకుంది. లెక్క చిన్నదే: రెండు సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను సమాకలనం (ఇంటిగ్రేషన్) చేయాలి. సైన్ ఎక్స్‌ను టి అనుకొని ప్రతిక్షేపిస్తే తనకు సైన్ స్క్వేర్ ఎక్స్ వచ్చింది. పుస్తకం వెనుక మాత్రం మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ ప్లస్ సి అని ఉంది; సి అంటే ఏదైనా ఒక స్థిరాంకం, అంటే మారని సంఖ్య.

"గుర్తుతో సహా తేడా వచ్చింది మామయ్యా, ఎక్కడ తప్పానో తెలియడం లేదు" అంది.

సి రాయకపోవడం తప్ప ఆమె ఎక్కడా తప్పలేదు. సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్ కలిపితే 1 అని పదో తరగతిలోనే చదువుకున్నాం కనుక, ఆ రెండు జవాబుల మధ్య తేడా సరిగ్గా 1. దేనిని అవకలనం (డిఫరెన్షియేషన్, సమాకలనానికి తిరుగు పని) చేసినా ఆ 1 మాయమై మొదటి ప్రమేయమే తిరిగి వస్తుంది. అదే లెక్కను సైన్ రెండు ఎక్స్‌గా మార్చి చేసినవారికి మైనస్ కాస్ రెండు ఎక్స్ బై రెండు వస్తుంది. అదీ సరైనదే, ఆమె జవాబుకు అర తేడాతో.

మద్దిలపాలెంలో బయలుదేరిన బస్సైనా, గాజువాకలో బయలుదేరిన బస్సైనా గంటకు 40 కిలోమీటర్ల నిలకడ వేగంతో అరగంట నడిస్తే 20 కిలోమీటర్లే పోతుంది. కానీ ఇప్పుడు ఎక్కడ ఉందో చెప్పాలంటే ఎక్కడ బయలుదేరిందో తెలియాలి. వేగం ఒక్కటే ఆ సంగతి చెప్పదు. ఆ బయలుదేరిన చోటే సి. రెండు హద్దుల మధ్య చేసే నిశ్చిత సమాకలనంలో సి కనబడకపోవడానికి కారణమూ ఇదే: అక్కడ మనం అడిగేది ఎంత దూరం పోయిందనే కాబట్టి రెండు కొసల్లోని సి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

స్థిరాంకం తప్ప మరో రకమైన తేడా ఎందుకు రాకూడదన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు పిల్లలు విడిగా బట్టీపట్టే లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతంలో ఉంది: ఒక అంతరం (సంఖ్యారేఖపై తెగని ముక్క) పొడవునా అవకలజం, అంటే మార్పు రేటు, సున్నా అయితే ప్రమేయం అక్కడ స్థిరంగానే ఉండాలి. అంతరం తెగితే ఆ హామీ తెగుతుంది. ఒకటి బై ఎక్స్‌కు సున్నా దగ్గర విలువ లేదు కనుక, దాని ప్రతిఅవకలజానికి (సమాకలనం చేస్తే వచ్చే ప్రమేయానికి) ఎడమవైపు ఒక స్థిరాంకం, కుడివైపు ఇంకొకటి ఉండవచ్చు.

"అయితే పరీక్షలో రెండు సి లు రాయాలా?" అని అడిగింది. ఒకటి చాలన్నాను. ఎర్ర గీత పక్కన ప్లస్ సి రాసుకుంది.